ఒడిశా సరిహద్దు కొండల్లో కొన్నాళ్లు ఉండాలంటే: పర్లాకిమిడి, రాయగడ, సెమిలిగూడ, లేక లోపలి ఊరా?

హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఉద్యోగం చేస్తూ, ఒకటి రెండేళ్లు కొండప్రాంతంలో తీరికగా బతికి చూడాలనుకునే తెలుగు యువకులు మొదట అరకు పేరెత్తుతారు. అక్కడి వారాంతపు రద్దీ చూశాక ఇంకాస్త పైకి, ఒడిశా వైపు చూస్తారు. ఆ చూపులో అర్థముంది. నేటి గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నేల 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆ పాత పొత్తు వల్ల ఈ పట్టణాల బజార్లలో నేటికీ తెలుగు చెల్లుతుంది, పెళ్లి సంబంధాలు విజయనగరం, శ్రీకాకుళం దాకా నడుస్తాయి, పెద్ద జబ్బు చేస్తే జనం విశాఖకే దిగుతారు.

వారంతా అడిగే ప్రశ్న ఒకటే: వీటిలో ఏ చోటు బాగుంటుంది? డిసెంబరులో అన్నీ బాగానే ఉంటాయి. తేల్చుకోవలసింది అది కాదు, ఏ విషయంలో ఆలస్యాన్ని మీరు ఓర్చుకోగలరన్నది. పర్లాకిమిడిలో మనుషుల మాటతీరు నిదానం. కోరాపుట్ పీఠభూమి మీది సెమిలిగూడలో వానా మంచూ కలిసి పనిని నిదానం చేస్తాయి. రాయగడలో నిదానం కావాలంటే ఊరు దాటి వెళ్లాలి. లోపలి ఊళ్లో దారి, కరెంటు, వైద్యం అన్నీ నిదానమే. మొదటి రకం ఆలస్యాన్ని ఆనందంగా భరించేవారికి నాలుగో రకం వారం రోజుల్లో విసుగు పుట్టించవచ్చు, దీనికి పూర్తి వ్యతిరేకమైన మనుషులూ ఉంటారు.

సరిహద్దు అనగానే కొందరు మహారాష్ట్ర వైపు సిరొంచ గురించి కూడా ఆలోచిస్తారు. ప్రాణహిత, గోదావరుల కలయిక దగ్గరి ఆ ఊళ్లో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది గాని, అది నదుల సీమ, అడవుల సీమ, వేసవిలో నిప్పుల సీమ. కొండ వాతావరణం కోరేవారికి పనికిరాదు. మల్కన్‌గిరి పట్టణం కూడా ఘాట్లకు దిగువన ఉన్న పల్లపు ప్రాంతమే కనుక దాన్నీ ఈ పోలికలోకి తీసుకోలేదు.

ముందుగా చూడవలసినవి

అన్నిటికన్నా ముందు వానాకాలపు దారిని చూడాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఈ కొండల్లో కొట్టుకుపోయే కల్వర్టులు, జారిపడే మట్టిపెళ్లలు మామూలు విషయం. 2017 జూలై వరదలో తెరువలి, సింగాపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయి రాయగడ మీదుగా వెళ్లే ప్రధాన మార్గం తెగిపోయింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను గజపతి జిల్లా కొండలను కదిలించి, విరిగిపడిన కొండచరియల కింద ప్రాణాలు తీసింది. అంతకు నాలుగేళ్ల ముందు హుద్‌హుద్ విశాఖను చెండాడి కోరాపుట్ వైపే ఎక్కింది. మీరు ఎంచుకున్న చోటికి రెండో దారి ఉందా, ఆ రెండో దారి కూడా అదే వాగును దాటుతుందా అన్నది ఇల్లు చూడకముందే తెలుసుకోవాలి.

రెండోది జ్వరం. దక్షిణ ఒడిశా చాలాకాలంగా ఫాల్సిపేరమ్ అనే ప్రమాదకరమైన రకం మలేరియాకు పేరుపడ్డ ప్రాంతం. 2017లో మొదలైన ‘దమన్’ కార్యక్రమం కింద మారుమూల ఊళ్లలో ఊరందరికీ రక్తపరీక్షలు చేయడం, మందు పూసిన దోమతెరలు పంచడం వల్ల కేసులు బాగా తగ్గాయి; అయినా నగరం నుంచి కొత్తగా వచ్చిన ఒంటికి ఈ జ్వరాన్ని తట్టుకునే అలవాటు ఉండదు. చలితో జ్వరం వస్తే పారాసెటమాల్ మింగి రెండు రోజులు చూద్దామనుకునే నగరపు అలవాటు ఇక్కడ ప్రమాదకరం. అదే రోజు ఆశా కార్యకర్త దగ్గరో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో రక్తపరీక్ష చేయించుకోవాలి. కనుక ఆస్పత్రికి ఎన్ని కిలోమీటర్లు అని అడిగితే చాలదు, రాత్రి తొమ్మిదింటికి అక్కడికి చేర్చే బండి ఉందా అని అడగాలి.

మూడోది ఇల్లూ నేలా. కొండవాలున ఎకరం కొని పెంకుటిల్లు కట్టుకోవాలన్న కల ఉంటే దాన్ని ఇక్కడే ఆపేయడం మంచిది. కోరాపుట్, రాయగడ జిల్లాలు పూర్తిగానూ, గజపతి కొంతమేరకూ షెడ్యూల్డు ప్రాంతాలు. 1956 నాటి ఒడిశా రెండో రెగ్యులేషన్, దానికి తరువాత వచ్చిన సవరణల ప్రకారం ఆదివాసి భూమి ఆదివాసేతరుల పేరుకు మారడం చెల్లదు. ఎవరి పేరుమీదనో కొని మీరు అనుభవించే ఏర్పాటు ఒకటి చూపిస్తామనే మధ్యవర్తులు తప్పక తారసపడతారు. ఆ ఏర్పాటు చట్టానికి నిలవదు, న్యాయానికి అసలే నిలవదు. అద్దెకు ఉండండి.

నాలుగోది భాష. తెలుగు చెల్లే చోట దిగడం సుఖమే గాని, ఆ సుఖం వల్ల ఏడాది తిరిగేసరికి కూడా ఒడియాలో ఒక్క వాక్యం రానివారు కనిపిస్తారు. బస్సు బోర్డు, పంచాయతీ నోటీసు, కరెంటు బిల్లు అన్నీ ఒడియా లిపిలోనే ఉంటాయి. పైన పీఠభూమి మీద సంతభాష దేశియా. కొండల మీద సవర, కువి, గదబ, పర్జి భాషలు. ఎంత తెలుగు దొరికితే అంత తొందరగా కుదురుకుంటారు, అంత నెమ్మదిగా ఆ ఊరివారవుతారు.

ఇక పని, అంటే లాప్‌టాప్ మీద చేసే ఉద్యోగం. సెల్ టవర్ ఇంటి కిటికీలోంచి కనిపించినంత మాత్రాన సరిపోదు. కరెంటు పోయాక ఆ టవర్ ఎంతసేపు బతుకుతుందన్నదే అసలు లెక్క.

| చూడవలసింది | పర్లాకిమిడి | రాయగడ | సెమిలిగూడ పరిసరాలు | లోపలి కొండ ఊరు |
|---|---|---|---|---|
| వాతావరణం | కొండల పాదం. ఉక్కపోత | లోయ. వేసవి తీవ్రం | సుమారు 900 మీటర్ల ఎత్తు. చలి, మంచు, ముసురు | ఎత్తును బట్టి. వానాకాలం కఠినం |
| విశాఖకు దారి | రోడ్డు, గుణుపురం రైలు మార్గం | ప్రధాన రైలు మార్గం. అన్నిటికన్నా సులువు | సాలూరు ఘాట్ రోడ్డు. కొత్తవలస–కిరండూల్ రైలు | ముందు బ్లాకు కేంద్రానికి, ఆపైన |
| తెలుగుతో గడవడం | పూర్తిగా | చాలావరకు | బజారులో మాత్రమే | గడవదు |
| లాప్‌టాప్ ఉద్యోగం | కుదురుతుంది | కుదురుతుంది | కుదురుతుంది, వానాకాలంలో తంటా | నమ్మలేం |
| అద్దె ఇల్లు | తేలిక | తేలిక | కొంత వెదకాలి | ఊరి పెద్దల అంగీకారంతోనే |
| నిదానం దేనిలో | మాటలో, పొద్దు గడపడంలో | ఊరి బయట మాత్రమే | వాతావరణంలో, సంత వారంలో | అన్నిటిలో |

పర్లాకిమిడి

కొండల్లో ఉండాలనుకునేవారికి కొండల పాదాన ఉన్న పట్టణాన్ని చూపడం వింతగా తోచవచ్చు. అయినా నగరజీవితం నుంచి ఒక్కసారిగా తెగిపోవడానికి సిద్ధంగా లేనివారికి, మొదటి ఆరునెలలకు నేను ముందుగా చెప్పే పేరు ఇదే. మహేంద్రతనయ ఒడ్డున పాత సంస్థానపు పట్టణం. సరిహద్దు దాటితే పక్కనే పాతపట్నం. సెంచూరియన్ విశ్వవిద్యాలయం ఇక్కడ ఉండటం వల్ల విద్యార్థులకు గదులు అద్దెకివ్వడం స్థానికులకు అలవాటే. ఒంటరి యువకుణ్ని చూసి తలుపు వేసుకునే బాధ తక్కువ.

ఇక్కడి నిదానం పనుల్లో కన్నా పలకరింపులో కనిపిస్తుంది. ఒక కొమ్ము దువ్వెన కొనడానికి దుకాణంలోకి వెళితే, ధర చెప్పేముందు “ఏ ఊరు బాబూ, ఎవరి తాలూకు?” అన్న ప్రశ్న వస్తుంది, మీరు చెప్పిన ఊళ్లో వారికి తెలిసిన మనిషి ఒకరు తేలేదాకా బేరం ముందుకు కదలదు. పశువుల కొమ్ముతో పిట్టలు, దువ్వెనలు చెక్కే పని ఈ ఊరి పాత వృత్తి గనుక, ఆ సంభాషణ జరుగుతున్నంతసేపూ లోపల ఆకురాయి చప్పుడు సాగుతూనే ఉంటుంది. ఈ ప్రశ్నలను చొరబాటుగా తీసుకునేవారికి పర్లాకిమిడి నరకం. పక్కింటివారు మీ ఇంట్లో ఈపూట ఏం వండారో అడుగుతారు, మీరు వారి ఇంటి పెళ్లికి రాకపోతే ఎందుకు రాలేదనీ అడుగుతారు.

కొండలు కావాలంటే గుమ్మ, సెరంగ వైపు సవర ఊళ్లున్నాయి. ఇంకా ఎక్కాలంటే 1501 మీటర్ల మహేంద్రగిరి ఉంది. ఈ పట్టణంలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు ఇక్కడి నుంచే సవరల భాష నేర్చుకుని, వ్యాకరణమూ నిఘంటువూ రాసే స్థాయికి వెళ్లారు. పట్టణంలో కాపురముంటూనే కొండ భాషలోకి వెళ్లవచ్చనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. లోటు చెప్పాలంటే వేసవి. ఏప్రిల్, మే నెలల్లో కోస్తా ఉక్క మొత్తం ఇక్కడికీ వస్తుంది. చల్లదనం కోసమే బయలుదేరినవారు ఈ పేరును కొట్టేయవచ్చు.

రాయగడ

గజపతి జిల్లాలో రాయగడ అనే పేరుతో ఒక బ్లాకు కూడా ఉంది. ఇంటర్నెట్‌లో అద్దె ఇళ్లు వెదికేవారు రెంటినీ కలిపేసుకోవద్దు. ఇక్కడ చెబుతున్నది నాగావళి ఒడ్డున, మజ్జిగౌరి అమ్మవారి గుడి ఉన్న జిల్లా కేంద్రం గురించి.

దీని బలమంతా రైలులోనే ఉంది. విజయనగరం, రాయపూర్ల మధ్య ప్రధాన మార్గం మీద ఉండటం వల్ల విశాఖకు ఉదయం వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. 2024 సెప్టెంబరులో మొదలైన విశాఖ–దుర్గ్ వందేభారత్ కూడా ఇక్కడ ఆగుతుంది. తల్లిదండ్రులకు ఆరోగ్యం బాగాలేనివారు, నెలకోసారి ఆఫీసుకు మొహం చూపించవలసినవారు ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు. కాని పట్టణం మాత్రం పట్టణమే. జేకేపూర్‌లో కాగితం మిల్లు, తెరువలిలో ఫెర్రో మిశ్రమాల కర్మాగారం, లారీలు, దుమ్ము. లోయలో ఉండటం వల్ల వేసవి ఎండకు గాలి కూడా కదలదు. నిదానం కోసం వచ్చి ఇక్కడ దిగినవారు ఆదివారాలు నియమగిరి కొండల వైపు మోటారు సైకిలు మీద తిరిగి, మిగిలిన ఆరు రోజులూ నగరంలో బతికినట్టే బతుకుతారు.

ఇదే జిల్లాలో బిస్సంకటక్ వేరే లెక్క. 1954లో మొదలైన క్రైస్తవ ఆస్పత్రి అక్కడ ఉంది, రైలు ఉంది, పక్కన చాటికోనలో బుధవారపు సంతకు నియమగిరి ఆదివాసులైన డోంగ్రియా కొంధులు పసుపు, అనాస దించుకుని వస్తారు. చిన్న ఊరు, చేరువలో వైద్యం, చుట్టూ కొండలు అనే మూడూ ఒకచోట దొరకడం అరుదు. అద్దె ఇల్లు దొరికితే రాయగడ కన్నా బిస్సంకటక్ మేలని నా అభిప్రాయం.

సెమిలిగూడ, సునాబెడ, కోరాపుట్ పీఠభూమి

మీ ఊహలో ఉన్న కొండ జీవితం బహుశా ఇదే. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి చేరేసరికి గాలి మారుతుంది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం, 1672 మీటర్లు, ఈ పక్కనే. సునాబెడలో హెచ్‌ఏఎల్ విమాన ఇంజన్ల కర్మాగారం, దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా కర్మాగారం, కోరాపుట్‌లో 2009లో ఏర్పడ్డ కేంద్రీయ విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల ఆస్పత్రి ఉండటం వల్ల ఇంత ఎత్తున కూడా మంచి బడి, మందుల దుకాణం, ఇడ్లీ బండి దొరుకుతాయి. దేశం నలుమూలల నుంచి వచ్చిన ఉద్యోగులు ఉంటారు కాబట్టి కొత్తవారిని ఎవరూ వింతగా చూడరు. అదే కారణాన పర్లాకిమిడిలో వారంలో దొరికే పరిచయాలు ఇక్కడ ఏడాదికి గాని దొరకవు.

ఇక్కడి కాలం వారాలుగా నడుస్తుంది, ఆ వారానికి కుందులి శుక్రవారపు సంత కేంద్రం. తెల్లవారకముందే కొండదారుల్లో కావిళ్లు, తలమీది బుట్టలు కదలడం మొదలవుతుంది. ఎండ ఎక్కేసరికి అల్లం బస్తాలు ఒక వరుస, చిక్కుళ్లు, క్యాబేజీ, బంగాళాదుంపలు మరో వరుస, పక్కన కోళ్లు, మేకలు, ఎండుచేపలు. ఆడవాళ్లు కాటా లేకుండా కుప్పలు పోసి, కుప్పకింత అని చెబుతారు. మైదానాల వ్యాపారులు మధ్యాహ్నానికి లారీలు నింపుకుని ఘాట్ దిగిపోతారు. ఆ రోజు కూరలు కొనుక్కోకపోతే వారమంతా దుకాణంలో వాడిపోయినవి తినవలసి వస్తుంది, అందువల్ల మీ ఆఫీసు సమావేశాలను శుక్రవారం ఉదయం పెట్టుకోకుండా చూసుకోవాలి. చోడి అంబలి, జీలుగు కల్లు, వెదురు కొమ్ముల కూర, సువాసన వీడని కాలాజీరా బియ్యం ఈ నేల తిండి. ఆ బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందే 2012లో కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయ విధానాల్లో చేర్చింది. సాగు నేర్చుకోవాలన్న ఆసక్తితో వచ్చేవారికి ఇంతకుమించిన బడి ఈ నాలుగింటిలో లేదు, జయపురంలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ కేంద్రం కూడా చేరువలోనే ఉంది.

ఇప్పుడు రెండో వైపు. జూలైలో ముసురు పట్టిందంటే సూర్యుడు రోజుల తరబడి కనిపించడు. ఉతికిన జీన్సు మూడో రోజుకూ చెమ్మగానే ఉంటుంది, తోలు బెల్టుకు తెల్లని బూజు పడుతుంది, అగ్గిపుల్ల గీస్తే మందు రాలుతుంది. అద్దెకు దొరికే ఇళ్లలో చాలావాటికి రేకుల కప్పే ఉంటుంది; దాని మీద గట్టి వాన పడుతున్నంతసేపూ వీడియో సమావేశంలో మీ మాట అవతలివారికి, వారి మాట మీకు వినపడదు. ఈ ఒక్క కారణంతో నగరానికి తిరిగిపోయినవారున్నారంటే నవ్వులాటగా తీసుకోవద్దు. చలికాలంలో పొట్టంగి వైపు రాత్రులు నాలుగైదు డిగ్రీలకు దిగుతాయి, మన ఇళ్లేమో చలిని ఆపేలా కట్టినవి కావు. ఒంటరితనం వల్ల మనసు కుంగే స్వభావం ఉన్నవారు ఆ నాలుగు నెలల ముసురును లెక్కలోకి తీసుకోకుండా ఇక్కడికి రాకూడదు.

లోపలి కొండ ఊరు

లమతాపుట్, నారాయణపట్న, కాశీపూర్ వంటి ప్రాంతాల్లో ముప్పై, నలభై గడపల ఊళ్లు. ఇది నివాసపు ఎంపిక కన్నా పని ఎంపిక. బడి, వైద్యం, విత్తనాలు, చిరుధాన్యాలు, ఏదో ఒక పని మీద, అప్పటికే ఆ ఊరికి తెలిసిన సంస్థతో కలిసి వెళితేనే అర్థం. ఊరికే ప్రశాంతత కోసం వచ్చామంటే ఊరికి అర్థం కాదు, అర్థం కాకపోవడం వారి తప్పూ కాదు. ఇల్లు ఎవరిదైనా, ముందుగా ఊరి ముఖ్యుడైన నాయక్‌తోనూ, మిగతా పెద్దలతోనూ మాట్లాడాలి. దగ్గరి ఠాణాలో ఒకసారి కనిపించి మీరెవరో, ఏం పని మీద వచ్చారో చెప్పి ఉంచడం మీకే క్షేమం. బొండా, డోంగ్రియా ఆదివాసుల ఊళ్లు మాత్రం ఈ ఆలోచనలోకే రాకూడదు. అక్కడి మనుషులు బయటివారి చూపుకూ కెమెరాకూ ఇప్పటికే చాలా మూల్యం చెల్లించారు.

ఇక్కడ పని వేగాన్ని నిర్ణయించేది మీ పట్టిక కాదు. చైత్ర పర్వం వచ్చిందంటే వేటలు, డప్పులు, ఇంటింటి విందులతో వారాలకు వారాలు పొలం పనీ సమావేశమూ ఆగిపోతాయి. ఏ రోజు విత్తాలో ముహూర్తాలు చూసే దిశారి చెప్పాలి. మార్చి లోపల పూర్తి చేస్తామని దాతలకు మాటిచ్చి వచ్చిన యువకులు ఏప్రిల్ అంతా ఊరివారి మీద చిరాకు పడుతూ గడపడం మామూలుగా చూసేదే. గడువు లేకుండా రాగలిగితేనే రండి.

ఎవరికి ఏది

రోజూ ఎనిమిది గంటలు ఆన్‌లైన్‌లో ఉండవలసినవారు పర్లాకిమిడి, రాయగడల మధ్యే ఎంచుకోవాలి. మనుషులు కావాలనుకుంటే మొదటిది, రైలు కావాలనుకుంటే రెండోది. సెమిలిగూడ పట్టుదల వదలనివారు స్లాబు ఇల్లు, ఇన్వర్టర్, రెండు కంపెనీల సిమ్ కార్డులు కుదిరాకే సామాను ఎక్కించాలి.

చిన్నపిల్లలున్న జంటలు సునాబెడను చూడవచ్చు. బడీ డాక్టరూ నడిచే దూరంలో దొరుకుతాయి. గర్భిణులు, ఆస్తమా ఉన్నవారు ఘాట్ పైకి కాపురం మార్చే ముందు డాక్టరును అడగాలి. ఒంటరిగా వచ్చే యువతులకు పర్లాకిమిడి, లేదా విశ్వవిద్యాలయం ఉన్న గుణుపురం నయం. హాస్టళ్లు, అమ్మాయిలు ఉండే అద్దె గదులు ఉంటాయి, ఇరుగుపొరుగు కళ్లు విసిగించినా కాపాడతాయి.

ఉద్యోగంలో అలసిపోయి, కొన్నాళ్లు ఏమీ చేయకుండా ఉందామని వచ్చేవారికి నలుగురూ లోపలి ఊరినే సూచిస్తారు. నా సలహా దానికి పూర్తిగా ఎదురు. లోపలి ఊళ్లో ఏమీ చేయకుండా ఉండటం సాధ్యం కాదు. నీళ్లు మోయాలి, కట్టె కొట్టాలి, మందుకీ సరుకుకీ మైళ్లు నడవాలి. అలసినవారికి వేళకు భోజనం పెట్టే మెస్సు, సాయంత్రం పలకరించే మనిషి ఉన్న పట్టణం కావాలి.

సాగు నేర్చుకోవాలనుకునేవారు సెమిలిగూడలో గది తీసుకుని, ఒక రైతు కుటుంబంతో ఖరీఫ్ మొత్తం పొలానికి వెళ్లడం మంచి పద్ధతి. నేల అడగవద్దు, పని అడగండి. ఒక పంట కోత అయ్యాక వారే లోపలి ఊరికి దారి చూపిస్తారు.

ఎంపిక ఏదైనా, చూడటానికి వచ్చే కాలం మాత్రం జూలై, ఆగస్టు నెలలే కావాలి. నవంబరు నుంచి జనవరి దాకా వలిసెపూల పసుపు, మంచు తెర, తేట ఆకాశం చూసి అడ్వాన్సు ఇచ్చినవారికి ఇంటి కప్పు ఎక్కడ కారుతుందో తెలియదు. వానలో వచ్చి, ఆ ఇంట్లోనే రెండు రాత్రులు పడుకుని, కరెంటు పోయినప్పుడు ఫోను పలుకుతుందో లేదో చూసి, బావి నీరు వాన తరువాత ఏ రంగులో ఉందో బకెట్లో తోడి చూసి, పక్కింటివారిని గత వానాకాలంలో దారి ఎన్ని రోజులు తెగిందో అడిగాకనే ఒప్పంద పత్రం మీద సంతకం చేయండి. పదకొండు నెలల ఒప్పందమైతే ముందుగా ఖాళీ చేసినప్పుడు అడ్వాన్సు ఎంత తిరిగి ఇస్తారో అందులోనే రాయించుకోండి. పత్రం ఒడియాలో ఉంటే చదవగలిగిన మనిషిని వెంట తీసుకెళ్లండి.